నాంపల్లి తోపులు, నా గుమ్మడికాయ

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. జాతకాలు కలవకపోవచ్చు, మర్యాద తక్కువైందని ఒక పెదనాన్న అలగవచ్చు. నేను మాత్రం ఇంతవరకూ ఎవరికీ తట్టని దారి పట్టాను. ఒక ఆదివారం పొద్దున, పదిమందీ తిరిగే చోట, నా పెళ్లిని నా చేతులతోనే ఎత్తి నేలకేసి కొట్టాను. మొహమాటపడకుండా నవ్వండి. నాంపల్లిలో సగంమంది ఇప్పటికే నవ్వేశారు.

అప్పట్లో నేను అబిడ్స్‌లో ఒక బీమా ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అది జీతానికి చేసే పని. ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉండేది: ‘నాంపల్లి తోపులు’ అనే జట్టుకు అభిమానిగా ఉండటం. వీళ్లు ఆడేది అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. అంటే కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, పరిగెత్తి, వీలు చిక్కినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడే ఆట. అబిడ్స్ దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు టీవీలో చూసి మోజుపడి, నాంపల్లిలో ఒక మైదానంలో ఆదివారం పూట ఆడేవాళ్లు. ఈ ఆటకు గుండెకాయ లాంటివాడు క్వార్టర్‌బ్యాక్. బంతి ముందు అతని చేతికే వస్తుంది. దాన్ని ఎవరికి విసరాలో అతనే తేల్చుకోవాలి. గెలిస్తే జట్టంతా గెలిచినట్టు, ఓడితే అతనొక్కడే ఓడినట్టు.

మా తోపులు ఓడేవాళ్లు. ఏదో ఒకసారి కాదు, క్రమశిక్షణతో ఓడేవాళ్లు. క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డంగా నిలబడి కాపాడాల్సిన ఇద్దరు భారీకాయులు చెప్పుల దుకాణంలో సేల్స్‌మెన్. ఎదుటివాణ్ణి నెట్టగానే వాళ్లలోని సేల్స్‌మన్ మేలుకునేవాడు. “సారీ అన్నా, తాకిందా?” అని అడిగేవాళ్లు. వాళ్లు అడిగేలోగా ఆ అన్న దాటిపోయి మా క్వార్టర్‌బ్యాక్ మీద కూర్చునేవాడు.

ఇవేవీ నా కంటికి ఆనేవి కావు. నా కోపమంతా క్వార్టర్‌బ్యాక్ మీదే. అందరూ అతన్ని నరేన్ అని పిలిచేవాళ్లు. ముఖం నేనెప్పుడూ చూడలేదు. తలకు హెల్మెట్, దాని ముందు ఇనుప జాలీ. అయినా ముఖంతో నాకేం పని? తిట్టడానికి వీపు చాలు.

“ఇసురు! ఎందుకాగినవ్, ముహూర్తం కోసమా?” అని మైదానం గీత అవతలి నుంచి అరిచేవాణ్ణి.

అతను కంగారుగా విసిరేవాడు. బంతి నేరుగా వెళ్లి ఎదుటి జట్టువాడి ఒడిలో పడేది.

“గీనికి మనోడెవడో పగోడెవడో ఎరుకలేదు! తీసెయ్యుండ్రి వాన్ని!”

కోచ్ యూసుఫ్ సార్ ఒక బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన నా వైపు విసుగ్గా తిరిగేవారు.

“అరే మియా, జర నోరు బంద్ జెయ్. పిలగాడు ఇంటుండు.”

“ఇననియ్యుండ్రి సార్. ఇంటెనే బాగువడ్తడు.”

“గంత తెలిస్తే నువ్వే వచ్చి ఆడరాదూ?”

“నేను ఆడేటోన్ని కాదు సార్. ఆట తెలిసినోన్ని.”

ఈ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత అబిడ్స్‌లో ఇరానీ హోటల్‌కు వెళ్లి అందరికీ మళ్లీ చెప్పేవాణ్ణి. బల్ల మీద చాయ్ కప్పును క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టి, చుట్టూ ఉస్మానియా బిస్కెట్లను మోహరించి, తోపులు ఎక్కడ దెబ్బతిన్నారో వివరించేవాణ్ణి. వివరణ పూర్తయ్యేసరికి జట్టునంతా నేనే తినేసి ఉండేవాణ్ణి.

ఇలా ఉండగా మా అమ్మ ఒక సంబంధం చూసింది. అమ్మాయి పేరు స్వప్న. ఉండేది నాంపల్లిలోనే, ఉద్యోగం లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో. తండ్రి లేడు. ఇంట్లో అన్న మాటే చెల్లుతుందని, ఆ అన్న వయసులో నాకంటే చిన్నవాడేనని మధ్యవర్తి చెప్పాడు. వెళ్లాం. అన్నగారు లోపల చాయ్ పెడుతున్నాడన్నారు. స్వప్న వచ్చి ఎదురుగా కూర్చుని, తల దించుకోకుండా సూటిగా అడిగింది.

“ఖాళీ దొరికితే ఏం జేస్తరు మీరు?”

ఆ అడిగిన తీరుకే నేను పడిపోయాను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి అనిపించింది. ఇంత నచ్చిన పిల్ల ముందు మగవాడు తన గొప్పతనం చూపించకుండా ఉంటాడా?

“ఫుట్‌బాల్ చూస్త. మన నాంపల్లి తోపులున్నరు గదా. టీం మంచిదే, గని ఆ క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు...” అంటూ వాళ్లు పెట్టిన బిస్కెట్లనే ప్లేటులో మోహరించడం మొదలుపెట్టాను. స్వప్న పెదవి కొరుక్కుంటోంది. నా పాండిత్యానికి ముగ్ధురాలైందనుకుని ఇంకాస్త గొంతు పెంచాను.

“వాన్ని తీసెయ్యాల్నంటరా సార్?” వెనక నుంచి ఎవరో అడిగారు.

“ఔ! మీరు గూడ మ్యాచ్‌లు చూస్తరా?”

“జర దగ్గర్నుంచి చూస్త.” చాయ్ పళ్లెం పట్టుకున్న యువకుడు ముందుకు వచ్చాడు. “హెల్మెట్ల నుంచి మనుషులు సరిగ్గ కనవడరు సార్. మాటలైతే మంచిగ ఇనవడ్తయ్. గొంతు గుర్తువట్టిన.”

“మా అన్న. నరేందర్,” అంది స్వప్న.

చాయ్ ఎలా మింగానో నాకే తెలియదు. వెళ్లేటప్పుడు నరేందర్ గుమ్మం దాకా వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. “ఆదివారం చాదర్‌ఘాట్ చిరుతలతోని మ్యాచ్ ఉంది సార్. అది అయినంక మా మాట చెప్తం.” ఆ ‘సార్’ అన్న పిలుపులో చుట్టరికానికి ఎక్కడా చోటు కనిపించలేదు.

మర్నాడు మంచి చేసుకుందామని, అతను పనిచేసే అబిడ్స్ చీరల షోరూముకు వెళ్లాను. నరేందర్ నిచ్చెన మీద, పై అరల దగ్గర నిలబడి ఉన్నాడు. కింద నుంచి సేల్స్‌మన్ “గులాబి రంగు, పెద్ద అంచు!” అని కేకేయగానే, ఇటు చూడకుండానే ఒక చీరల కట్ట విసిరాడు. అది జనాల తలల మీదుగా వచ్చి సరిగ్గా ఆ సేల్స్‌మన్ చేతుల్లో వాలింది. ఇంకో మూల నుంచి ఇంకో కేక, ఇంకో కట్ట. ఒక్కటీ గురి తప్పలేదు. నోరు తెరుచుకుని చూశాను.

“గింత మంచిగ ఇసుర్తున్నరు. మరి గ్రౌండ్ల ఏమైతది?”

“ఈడ గీత అవతల నిలవడి ఎవ్వలు ఒర్లరు సార్,” అని చెప్పి మళ్లీ అరల వైపు తిరిగాడు.

తెలివైనవాడికి ఆ ఒక్క ముక్క చాలు. నేను ఇంటికెళ్లి అమ్మను సలహా అడిగాను.

“దుకాన్ల మంచిగుండి ఆడికి పోంగనే తప్పుతుండంటే, గది దిష్టే బిడ్డా,” అంది అమ్మ. “ఎవనిదో పాడుకన్ను వడ్డది.”

నిజమే అనిపించింది. ఎవడో పాపిష్టివాడు ప్రతి ఆదివారం ఒంటికాలి మీద నిలబడి, రెప్పవేయకుండా ఆ కుర్రాణ్ణే చూస్తూ ఉండాలి. వాడెవడో దొరికితే తందామనుకున్నాను. తోపులు గెలిస్తే నరేందర్ మనసు మెత్తబడుతుంది, స్వప్న నాదవుతుంది. అమ్మ బూడిద గుమ్మడికాయ తెప్పించి, కన్నం పెట్టి కుంకుమ నింపి, విధానమంతా చెప్పింది.

“పిలగాండ్లు లోపలికొచ్చే కాడ్నే కొట్టు. కొట్టినంక ఎన్కకు మర్రి చూడకు. చూసినవంటే దిష్టి మల్ల ఎంబడొస్తది. యాదుంచుకో.”

ఆదివారం పొద్దున మైదానం గేటు దగ్గర ఎవరూ లేని సమయం చూసి, కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, కాయను శక్తికొద్దీ నేలకేసి కొట్టాను. పచ్చి గుజ్జు, ఎర్రటి కుంకుమ గేటు నిండా పరుచుకున్నాయి. అనుభవం ఉన్న దుకాణదారులైతే ఆ ముక్కల్ని వెంటనే కాలితో పక్కకు తోసేస్తారు. నేను తోయాలంటే వెనక్కి తిరగాలి. తిరగకూడదన్నారు కదా! నిటారుగా, ఎదురుగోడ వైపు చూస్తూ నడక సాగించాను.

వెనకనుంచి మా వాళ్లు టీవీలో చూపించినట్టు “తోపులు! తోపులు!” అని అరుస్తూ పరిగెత్తుకొస్తున్న చప్పుడు. తర్వాత జర్రుమని ఒక శబ్దం. “అమ్మా!” అని ఒక కేక. దాని మీద ఇంకేదో బరువైనది పడిన చప్పుడు. ఆపైన, “సారీ అన్నా, తాకిందా?”

నేను వెనక్కి చూడలేదు.

“ఎవడ్రా ఈడ గుమ్మడికాయ కొట్టింది?” యూసుఫ్ సార్ గొంతు.

“గా పోయేటోడే సార్!”

“అరే ఓ! ఇటు తిరుగు!”

“తిరగొద్దు సార్!” గోడకే చెప్పాను. “తిరిగితే దిష్టి మల్ల వస్తది!”

యూసుఫ్ సార్ వచ్చి నా భుజాలు పట్టుకుని తిప్పేశారు. నరేందర్ బెణికిన మడమ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా కుంకుమ. రక్తమనుకుని చెప్పుల దుకాణం ఇద్దరూ ఏడుపు మొహం పెట్టారు.

“ఇన్ని దినాలు తీసెయ్యుండ్రి, తీసెయ్యుండ్రి అని మొత్తుకున్నవ్,” అన్నారు యూసుఫ్ సార్. “ఎవ్వలు తీస్తలేరని ఇయ్యాల నువ్వే తీసేసినవ్.”

“దేవుని తోడు సార్, మంచికే జేసిన!”

నమ్మినవాడు లేడు. నమ్మడానికి నేను ఒక్క కారణమైనా మిగల్చలేదు. జనంలో స్వప్న కూడా ఉంది, అన్న ఆట చూడటానికి వచ్చింది. నా వైపు చూసిన ఆ చూపుకు నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్ని ఆదివారాలు నేను తిట్టింది ఒక మనిషినని, ఆ మనిషికి ఇల్లూ చెల్లెలూ ఉన్నారని అప్పటికి తెలిసొచ్చింది.

ఒక మనిషి తక్కువైతే మ్యాచ్ పోయినట్టే. యూసుఫ్ సార్ హెల్మెట్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

“ఆట తెలిసినోన్ని అన్నవ్ గదా మియా. ఏస్కో.”

హెల్మెట్ పెట్టుకున్నాక తెలిసింది, లోకం జల్లెడంత ఉంటుందని. బంతి చేతికొచ్చింది. ఎవరికి విసరాలి? అందరూ ఒకేలా ఉన్నారు. చిరుతలు మాత్రం పేరుకు తగ్గట్టు దూసుకొస్తున్నారు.

“ఇసురు! ఎందుకాగినవ్, ముహూర్తం కోసమా?”

స్వప్న గొంతు! కంగారులో విసిరేశాను. చాదర్‌ఘాట్ వాడొకడు అందుకుని, “థాంక్స్ అన్నా,” అని వెళ్లిపోయాడు.

“గీనికి మనోడెవడో పగోడెవడో ఎరుకలేదు! తీసెయ్యుండ్రి వాన్ని!”

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నరేందర్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర నా గొంతును అనుకరించి చూపించేవాడట, ఇంటిల్లిపాదికీ నా డైలాగులు కంఠతా వచ్చట. ఇప్పుడతను ప్లాస్టిక్ కుర్చీలో, మడమ మీద ఐసు పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు.

మ్యాచ్ చివరికొచ్చింది. నేను లేవడం, పడటం, మళ్లీ లేవడం. ఆఖరిసారి బంతి నా చేతికొచ్చినప్పుడు నరేందర్ ఉండబట్టలేక ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు.

“ఊకె చూడకు! చీరల కట్ట అనుకో! ఎడమ దిక్కు ఇసురు బావా!”

నేను ఆగిపోయాను. పిల్లనివ్వాలని నిశ్చయించుకోకుండా ఏ అన్నా ఆ పిలుపు పిలవడు. బంతి చంకలో పెట్టుకుని అతని వైపు తిరిగాను.

“ఏమన్నవ్?”

“ఇసురుమన్న!”

“అది కాదు. దాని ఎన్క ఏమన్నవ్?”

“బావా అన్న! ముందుగాల్ల ఇసురు బావా!”

అప్పటికే చాదర్‌ఘాట్ మొత్తం నా మీదికి వచ్చేసింది. అంతమంది కింద నలుగుతూ కూడా నేను ఇకిలిస్తూనే ఉన్నానని చూసినవాళ్లు చెబుతారు. ఎప్పటిలాగే ఓడిపోయాం. “ఇన్ని దెబ్బలు తిన్నోడు ఇగ జన్మల నన్ను ఒర్లడు,” అన్నాడు నరేందర్, ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగితే.

పెళ్లయి స్వప్నతో మా ఇంటి గుమ్మం ముందు నిలబడినప్పుడు, ఎవరో దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ తెచ్చి పొరపాటున నా చేతికివ్వబోయారు. యూసుఫ్ సార్ మధ్యలో దూకి, దాన్ని పొట్టకు అదుముకుని, వీధి చివరిదాకా పరిగెత్తారు. తోపుల చరిత్రలో అంత అద్భుతమైన పరుగు ఇంకోటి లేదు.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ క్వార్టర్‌బ్యాక్‌నూ తీసెయ్యమనను. నేను ఆడలేని ఆట గురించి బిస్కెట్లతో సహా నోరెత్తను. దిష్టి జోలికి పోను. ఒకవేళ తప్పనిసరై తీయవలసి వస్తే, మా అమ్మ ఏమన్నా సరే, వెనక్కి తిరిగి చూస్తాను.