నాయిన విల్లు ఏ జానర్?

మా వాడకట్టులో పెద్ద బాక్సుల్లోంచి గుండె అదిరేలా ఏది వచ్చినా సరే, దాని పేరు డీజే. అంతే. ఆ చప్పుడులో మళ్లీ రకాలున్నాయని, వాటిని జానర్లంటారని నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. మడికొండ ఐటీ పార్కులో చిన్న ఆఫీసు, పొద్దంతా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం. ఆ జీతంతో కొన్న ల్యాప్‌టాప్‌లో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని, ఆఫీసు బస్సులో కూర్చుని మీటలు నొక్కడం మొదలుపెట్టాను. ఆడపిల్ల డీజే పాటలు కడుతుందంటే నవ్వేవాళ్లే గానీ నేర్పేవాళ్లెవరు?

ఒక్కడు నేర్పాడు. పేరు చెప్పను. ఆ పేరు నా నోటితో ఇప్పటికే చాలాసార్లు పలికాను. మా అన్నతో కలిసి బడికి పోయినవాడు, రంజాన్‌కి మా ఇంట్లో సేమ్యా తిన్నవాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర రెండో అంతస్తులో అతని గది. పెళ్లి బరాత్‌లకి బాక్సులు కట్టిన వ్యాను ఉంది, చుట్టుపక్కల మండలాల్లో పేరు కూడా ఉంది. నేను అన్నా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు. అలా పిలుచుకున్నాక ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

మొదటి ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తాను. అంతకుముందే ఇంటర్నెట్‌లో చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను: హౌస్ అంటే నిమిషానికి నూట ఇరవై నాలుగు దెబ్బలు, ట్రాన్స్ అంటే నూట ముప్పై ఎనిమిది, డ్రమ్ అండ్ బేస్ అంటే నూట డెబ్బై నాలుగు. జానర్ అంటే ఆ అంకేననుకుని, తీన్మార్ దరువుని నూట ఇరవై నాలుగుకి తిప్పి, దానికి హౌస్ అని పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. అతను మొత్తం విన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ మెట్లు మళ్లీ ఎక్కేదాన్ని కాదు, నా కోపం ముక్కు మీదే ఉంటుంది.

"అంకెతోని ఏమైతది చెల్లె," అని బల్ల మీద అరచేత్తో కొట్టి చూపించాడు. "హౌస్‌ల నాలుగు దెబ్బలు ఒక్క తీరుగ పడ్తయ్, అడుగులేసినట్టు. తీన్మార్‌ల దెబ్బ జర పక్కకు జరుగుతది. గా జరిగిన కాడనే మనిషి భుజం లేస్తది."

అబద్ధమెందుకు, బాగా నేర్పాడు. టెక్నో మిషన్ నడిచినట్టు ఎందుకు ఉంటుందో, ట్రాన్స్‌లో దెబ్బ ఆపేసి జనాన్ని ఎంతసేపు ఎదురుచూడనివ్వాలో, ఏ పాటకి బాక్సు పగిలిపోతుందో, అన్నీ ఆ బల్ల మీదే విన్నాను. సోమవారం ఆఫీసులో మా టీమ్ లీడర్ మాట్లాడుతుంటే బల్ల కింద కాలితో నాలుగు దెబ్బలు వేసుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ గదిలో రెండు రివాజులుండేవి. కొత్తగా వచ్చినవాళ్ల పాటలు మొదటి ఏడాది ఉస్తాద్ పేరు మీదే పోతాయి, అది ఒకటి. రెండోది, ఉస్తాద్ వద్దన్న పాటని ఆయన ముందే డిలీట్ చేయాలి. "పాతది దాసుకుంటె చెయ్యి గక్కడ్నే ఆగుతది," అనేవాడు. అలా మూడు పాటలు చెరిపేశాను. తీసేసిన ప్రతిసారీ తర్వాతిది బాగా వచ్చింది కూడా, అందుకే నమ్మాను.

ఇక ట్యాగ్ సంగతి. డీజేలు కట్టిన పాటల్లో మధ్యమధ్యన ఒక ఆడగొంతు ఆ డీజే పేరు పలుకుతుంది, వినే ఉంటారు. ఎవడూ పాట ఎత్తుకుపోకుండా వేసే ముద్ర అది. ఎత్తుకుపోకుండా! అతని ట్యాగ్‌కి నా గొంతు అడిగాడు. ఇంట్లో గది మోగకుండా నాయిన కుట్టిన రజాయి ముసుగేసుకుని, అతని పేరు ఏడెనిమిది తీర్లుగా పలికి ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. ఊరంతా నా గొంతు వింటుందని మురిసిపోయాను కూడా.

రజాయి అన్నాను కదా. మేం దూదేకులవాళ్లం. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. మా నాయిన మనిషంత పొడుగు విల్లు భుజాన వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి పాత పరుపుల్లో దూది ఏకేవాడు. విల్లు నరాన్ని చెక్క గుండుతో కొడితే దన్ను దన్నుమని మోగి, గడ్డకట్టిన దూది పొరలు పొరలుగా లేచేది. బజారులో దూదేకే మిషన్లు వచ్చాక ఆ విల్లు గోడకెక్కింది. పోయేముందు చలికాలం ఒక పొద్దున, నేను అడిగితే కిందికి దించి, పాత మెత్త ఒకటి చించి, నాకోసం కాసేపు కొట్టాడు. పక్కన ఫోన్ పెట్టాను. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెల్లగా, దూది జరుపుకోవడానికి చిన్న ఆగుడు. ఆ తర్వాత మూడు నెలలకి నాయిన పోయాడు.

నలభయ్యో దినం అయ్యాక అమ్మ అడిగింది. "మీ నాయిన విల్లు సప్పుడు నీ ఫోన్ల ఉన్నదంటివి. ఒక్కపారి ఇనిపియ్యి బిడ్డా."

"గిట్ల ఉత్తగ గాదమ్మా, పాట కట్టి పెద్ద బాక్సులల్ల ఇనిపిస్త," అన్నాను. పొగరు. అప్పుడే ఫోన్‌లో నొక్కి ఉంటే అయిపోయేది. ఆ వానాకాలం విల్లుకి చెదలు పట్టింది, అమ్మ దాన్ని విరిచి నీళ్ల పొయ్యిలో పెట్టింది. చప్పుడు నా దగ్గర ఉందిలే అని నేనూ ఊరుకున్నాను.

పాటకి రెండు నెలలు పట్టింది. మొదట నాయిన దెబ్బల్ని సాఫ్ట్‌వేర్ గీసే తాళం గీతలకి సరిగ్గా జరిపితే చప్పుడు చచ్చిపోయింది. మళ్లీ యథాస్థానంలో పెట్టి, మిగతా వాయిద్యాలన్నిటినీ నాయిన వెనక నడిపించాను. ఆయన ఆగితే డ్రమ్ము ఆగుతుంది, ఆయన కొడితే లేస్తుంది. బరాత్‌లో బాక్సుల మీద వేయమని అడగడానికి విడివిడి చప్పుళ్లతో సహా ప్రాజెక్టు మొత్తం పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. ఒక్కటే అడిగాను. "అన్నా, దీని మీద ఎవ్వలి పేరు వద్దు. నీది వద్దు, నాది గూడ వద్దు. మా అమ్మ వింటది."

తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని రెండుసార్లు విన్నాడు. రెండోసారి కళ్లు మూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఇది ఏ జానర్ చెల్లె?"

నేను నోట్‌బుక్ తిప్పుతుంటే అతనే చెప్పాడు. 

"హౌస్ గాదు, టెక్నో గాదు, తీన్మార్ అసలే గాదు. బరాత్‌ల పెడ్తె జనం కూసుంటరు. తీసెయ్యి."

నాకు ఏడుపొచ్చింది. కానీ ఉస్తాద్ కదా. నాకంటే ఎక్కువ తెలిసినవాడు కదా. ల్యాప్‌టాప్ తెరిచి, అతని ముందే ఫోల్డర్ మొత్తం తీసేసి, పెన్‌డ్రైవ్‌లోదీ చెరిపేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. అసలు రికార్డింగ్ పాత ఫోన్‌లో ఉందనుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది, ఆ ఫోన్ని దసరా ముందే కొత్తదానికి మార్చుకున్నానని, అందులోవన్నీ చెరిపేసి ఇచ్చానని. నాయిన చప్పుడు ఉన్నది ఆ ఫోల్డర్ ఒక్కదాంట్లోనే.

వెంటనే ఫోన్ చేశాను. "అన్నా, నీ కంప్యూటర్‌ల ఎక్కించినవ్ గద, ఉన్నదా?"

"నా తాన యాడుంటది చెల్లె? గప్పుడే తీసేసిన. ఫికర్ చెయ్యకు, గంతకన్న మంచిది కడ్తవ్."

ఆ తర్వాత అమ్మ అడిగినప్పుడల్లా ఇంకా కడుతున్నానని చెప్పాను. ఒక నెల, రెండు నెలలు, అయిదు నెలలు. అమ్మ అడగడం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉండేది.

వేసవిలో తొర్రూరులో మా పిన్ని కూతురు పెళ్లి. అమ్మకి మోకాళ్ల నొప్పులని నేనూ మా సొంత అన్నా వెళ్లాం. సాయంత్రం అసర్ నమాజు తర్వాత బరాత్ వస్తుంటే వాకిట్లో ఆడవాళ్లతో నిలబడ్డాను. ఆ ఊరి డీజే, నాకు తెలియని మనిషి, ఒక పాట వేశాడు. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెల్లగా, చిన్న ఆగుడు. ఆడవాళ్లని తోసుకుంటూ బాక్సుల దగ్గరికి పోయాను. జనం కూర్చోలేదు. ముసలాళ్లు కూడా ఎగురుతున్నారు. మళ్లీ దన్నుమంది, దాని మీద ట్యాగ్ పడింది, అతని పేరు. ఆ డీజేని అడిగితే, ఈ ఎండాకాలమంతా ఇదే నడుస్తోందక్కా అన్నాడు.

మరుసటి రోజే ఆ మెట్లెక్కాను. తిట్టడానికే వెళ్లాను, ఒళ్లు మండిపోతోంది. అతను మాత్రం కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"తీసేసిన అంటివి గదన్నా."

"తీసేసేటోన్నే. మనసొప్పలేదు."

"మరి నన్నెందుకు తియ్యమన్నవ్?"

"మొదటి ఏడు ఉస్తాద్ పేరు మీద పోవుడు రివాజే గద చెల్లె," అన్నాడు. నమ్మించి గొంతు కోయడం అంటారే, ఇంత మెత్తగా ఉంటుందని అనుకోలేదు. మా ఇంట్లో తిన్న సేమ్యా నుంచి మొదలుపెట్టి అన్నీ అనేశాను. చివరికి నా మీద నాకే అసహ్యం వేసేలా బతిమాలాను: పాట నువ్వే ఉంచుకో, పేరూ ఉంచుకో, మా నాయిన కొట్టిన చప్పుడు ఒక్కటి విడిగా ఇవ్వు. పంపుతానన్నాడు. సాయంత్రం నా ఫోన్‌కి వచ్చింది బయట తిరుగుతున్న ఆ పాటే, ట్యాగ్‌తో సహా. విడిగా ఉన్న చప్పుడు మిగల్లేదట. అందులో ఎంత నిజమో నాకిప్పటికీ తెలియదు.

రెండు రోజులు దాచాను. మూడో రోజు అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని ఫోన్ పెట్టాను.

మొదటి దెబ్బకే అమ్మ చేట కింద పెట్టింది. కళ్లు మూసుకుంది. మూడో దెబ్బ మెల్లగా పడేసరికి, ఒకప్పుడు ఇంట్లో ఏకేటప్పుడు దూది జరిపి ఇచ్చేది తనే కాబోలు, చేయి దానంతటదే పక్కకి కదిలింది. "గదే," అంది. "గదే బిడ్డా, గట్లనే ఆగేటోడు."

అప్పుడు ట్యాగ్ పడింది. ముద్దుగా, హుషారుగా, అతని పేరు.

అమ్మ కళ్లు తెరిచింది. ఫోన్ వైపు చూసి, నా వైపు చూసింది. "నీ గొంతే గద ఇది. మీ నాయిన కొడ్తాంటె నువ్వు ఎవ్వల పేరు సెప్తానవ్?"

ఆపబోయాను. అమ్మ నా చేయి పట్టుకుంది, ఉండనియ్యి అంది. పాట అయిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. నాయిన కొడుతూనే ఉన్నాడు, నేను అతని పేరు చెబుతూనే ఉన్నాను.