వెండెల్ ఎడమకు జరిపిన దుర్భిణి

వెండెల్ ఆగస్ట్ టెస్మర్‌ను నేను మొదటిసారి చూసింది మా బడిలో. విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న ఆ బడికి నల్లబల్ల బిగించడానికి వచ్చిన ఆ మనిషి, పలకరింపైనా లేకుండా జేబులోంచి రసమట్టం తీసి నా మేజా మీద పెట్టి, అందులోని బుడగను చూసి నిట్టూర్చాడు. "ఇంత వాలు మీద కూర్చుని పిల్లలకు లెక్కలెలా చెబుతున్నారు టీచర్ గారూ?" అన్నాడు. వంకర ఎక్కడ కనిపించినా ఓర్వలేకపోవడం అతడి జబ్బు.

ముప్పై ఏళ్లుగా ఆ జబ్బును నేను భరిస్తున్నాను. విందు రోజున మా ఇంట్లో ఎవరూ చెంచా ఎత్తకముందే బల్ల కింద చెక్కముక్కలు దోపేవాడు. మా అత్తగారి శవపేటిక మీద కూడా రసమట్టం పెట్టబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

అటువంటివాడు నిరుడు అక్టోబరులో తన పాత సైన్యపు తుపాకీని, దాని మీద బిగించి గురి చూసే దుర్భిణిని పట్టుకుని మా వంటింటికి వచ్చాడు. ఈ ప్రాంతంలో సమతలంగా ఉన్న బల్ల మాది ఒక్కటేనట. ఉండదూ మరి, దాని కాళ్లు కోసింది అతడే.

అతడు వచ్చిన సమయం బాగాలేదు. ఆ ఏడాది వసంతంలోనే నా భర్త గిల్బర్ట్ కుడికన్ను చూపు పోయింది. నలభై రెండేళ్లుగా నవంబరులో జింకల వేట తప్పని మనిషి, తుపాకీని ఎడమ భుజానికి మార్చి చూశాడు. చేతులు మాట వినలేదు. దానిని అలమరలో పెట్టి తాళం వేసి, ఈసారి వేట గుడిసెలో వంట చేసిపెడతానన్నాడు. ఆయనకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. అటువంటి మనిషి ఎదుట ఈ మహానుభావుడు మూడు వారాలపాటు మరలు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. నేను రొట్టె పిండి ఒళ్లో పెట్టుకుని పిసికాను.

ఆ తుపాకీ పేలిన ప్రతిసారీ ఖాళీ తొడుగును పైకి విసిరి, తరువాతి తూటాను తానే ఎక్కించుకుంటుంది. అందుచేత దుర్భిణిని నడిమధ్యన కాక కాస్త ఎడమకు బిగించాలి. కాస్త. వెండెల్ దానిని జరిపి జరిపి, పక్కింటివాళ్ల తుపాకీకి బిగించినట్టు తయారుచేశాడు. దవడ ఆనే చోట చెక్కను కూడా అరగదీశాడు. వయసు మీద పడిందని వేట మిత్రులు నవ్వితే, తానూ నవ్వాడు.

నా ఓర్పు నశించింది. ఇందులోంచి చూడడం మనిషివల్ల అవుతుందా అని నిలదీశాను. అతడు తూటాల గది ఖాళీగా ఉందని మూడుసార్లు చూపించి, తుపాకీని నా కుడి భుజానికి ఆనించి, కిటికీలోంచి పొలం చివరి పైన్ చెట్టు వైపు తిప్పాడు. నాకు ఇనుము తప్ప మరేమీ కనిపించలేదు.

"తల ఇంకాస్త వాల్చండి. ఇప్పుడు కుడికన్ను మూసి, ఎడమ కంటితో చూడండి."

చెట్టు మీది కాయలు లెక్కపెట్టవచ్చు.

తుపాకీ దించాను. గిల్బర్ట్‌కు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకోసం చేశానంటే ముట్టుకుంటాడా? జాలిపడుతున్నామనుకుంటాడు. మీరు నన్ను తిట్టండి టీచర్ గారూ. గట్టిగా. మీరెవర్ని తిట్టినా వాడు వాళ్ల పక్షమేగా."

అది నిజం. మూడు వారాలుగా దాచుకున్నదంతా నా దగ్గర సిద్ధంగా ఉంది. నటించవలసిన అవసరం కలగలేదు. మతిలేని మనిషివన్నాను, మంచి తుపాకీని తగలేశావన్నాను. ముందుగదిలోంచి గిల్బర్ట్ వచ్చాడు.

"వాణ్ణెందుకే అలా ఆడిపోసుకుంటావు? ఇలా ఇవ్వు."

తూటాల గది తానూ చూసుకుని తుపాకీ భుజానికెత్తాడు. తల వాల్చాడు. వెండెల్ మా కొళాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ దుర్భిణి ఎంత వంకరగా ఉందో చూడండి అన్నాను గిల్బర్ట్‌తో.

"వంకరేం లేదే," అన్నాడు గిల్బర్ట్, చాలాసేపటికి. తుపాకీ దించలేదు. చెట్టునుంచి కంచెకు, కంచెనుంచి వాగుకు మెల్లగా తిప్పుతున్నాడు. తిట్లూ ఊపిరీ అయిపోయి నేను ఆగాను.

వెండెల్ నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఆపకండి టీచర్ గారూ. ఇంకాస్త తిట్టండి."