చక్రాన్ని వదలని వేలు

ఆ వీధిలో టైలరుకి అందరూ పెట్టిన పేరు నిదానం మాస్టారు. ఆయనకి బట్ట ఇస్తే, చేతికొచ్చేసరికి పిల్లలు ఒక సైజు పెరిగిపోతారని వేళాకోళం చేసేవారు. కుట్టు ఊడిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆయనకున్న తెగులల్లా ముక్కు మీద కోపం. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు తన కూతురి బట్టలు ఇంకో టైలరుకిచ్చిందని తెలిసి, ఎదురు కిరాణా కొట్టు ఫోనులోనే ఆమెని నోటికొచ్చినట్టు తిట్టాడు. "ఆలస్యమవుతుందని ఇచ్చాను అన్నయ్యా" అని ఆమె అంటున్నా వినిపించుకోలేదు. ఇంటికొచ్చాక బాధ మొదలైంది. కొట్లో నలుగురి ముందు క్షమించమని అడగాలంటే నామోషీ. అందుకని ఇంట్లోనే ఫోను పెట్టించుకున్నాడు.

ఇదివరకు నంబరు తిప్పిపెట్టే పని కొట్టతనిదే. ఇప్పుడు తనే తిప్పాడు. ఎవరిదో పరాయి గొంతు. మళ్ళీ తిప్పితే ఇంకో పరాయి గొంతు. ఒక్కోసారి అసలు మోగనే మోగదు. అలా వారాలు గడిచాయి. చెల్లెలు నంబరు మార్చేసుకుందని, ఇక తన మొహం చూడదని తేల్చేసుకున్నాడు. పోనీ వెళ్ళి తలుపు తడదామంటే, మొహం మీదే వేసేస్తుందేమోనని భయం. అన్నం సహించడం మానేసింది.

"ముందు ఫోను చూపించండి. ఊరికే మీ చెల్లెల్ని ఆడిపోసుకుంటారెందుకు?" అని భార్యే మెకానిక్‌ని పిలిపించింది.

వచ్చిన మెకానిక్ నడివయసు ఆడమనిషి. ఫోను అడుగు విప్పి, అంకెల డయల్ చక్రాన్ని తిప్పి వదిలి, చెవి ఒగ్గి వింది.

"దీనికేం రోగం లేదే! ఏదీ, మీరు తిప్పండి బాబాయ్."

ఆయన అంకె రంధ్రంలో వేలు పెట్టి చివరిదాకా లాగాడు. ఆ వేలు తియ్యకుండానే, పసిపిల్లని నడిపించినట్టు చక్రాన్ని మెల్లగా వెనక్కి తీసుకొచ్చాడు.

మెకానిక్ నవ్వేసింది. "వేలు తియ్యరేం?"

"వదిలేస్తే ఎలాగమ్మా? మిషను చక్రాన్ని దాని మానాన వదిలేస్తే దారం తెగదూ?"

"ఇది మీ మిషను కాదు బాబాయ్! మీరు లాగినప్పుడు లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, అంతే. అసలు లెక్కంతా వెనక్కి వచ్చేటప్పుడే. నాలుగు తిప్పితే, వెనక్కొస్తూ లైనుని నాలుగుసార్లు తెంపి కలుపుతుంది. ఆ టకటకల్నే టెలిఫోన్ ఎక్స్ఛేంజీ లెక్కపెట్టుకుంటుంది. అవి ఒకే వేగంతో రావాలని లోపల గవర్నరనే చిన్న పరికరం ఉంది. మీరు పట్టుకుని గారాబం చేస్తే టకటకలు సాగిపోతాయి, దాని లెక్క తప్పిపోతుంది."

నిదానం మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. లాగాడు, ఊపిరి బిగబట్టి వేలు తీసేశాడు. చక్రం గిర్రున వెనక్కి వచ్చేసింది. ఏదీ తెగలేదు. అన్ని అంకెలూ అలాగే తిప్పాడు. అవతల మోగింది.

"హలో, ఎవరండీ?"

చెల్లెలి గొంతే. ఇన్నాళ్ళూ క్షమించమనడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ ఆయనకి ఎగిరిపోయాయి.

"నేనేనే. నువ్వు నంబరు మార్చేసుకున్నావనుకున్నాను."



"మార్చుకుంటే ముందు నీకు కాక ఇంకెవరికి చెప్తాను అన్నయ్యా?"

పక్కన మనుషులున్నారని కూడా చూసుకోకుండా నిదానం మాస్టారు భోరున ఏడ్చాడు.