అంబలి లేని ఒప్పందం

తొమ్మిదెకరాల వరి ఎండిపోవాలంటే మామూలుగా కరువు రావాలి. లేదా చెరువు తెగాలి, తెగులు పట్టాలి, గ్రహాలు వక్రించాలి. నాకు అవేవీ అవసరం కాలేదు. గెడ్డలో నీళ్లు గలగలా పారుతుండగా, పట్టపగలు, కేవలం రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పట్టా సాయంతో మా తొమ్మిదెకరాలూ, పక్కవాళ్ల పదకొండూ ఎండబెట్టేశాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను కనుక మొహమాటపడకండి. నేను కూడా నవ్వుదామని ముప్పయ్యేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

మాది ఒరిస్సాలోని గుణుపురానికి ఆరు మైళ్ల దూరంలో ఒక పల్లె. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్నాడు. ఆ పల్లె మొత్తానికి మొదటి ఎం.ఏ.ని నేను. చైనా యుద్ధం వచ్చిన సంవత్సరం వేసవిలో చదువు ముగించి, ఏదో ఒక కాలేజీ నన్ను లెక్చరర్‌గా పిలవకపోతుందా అని ఎదురుచూస్తూ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఖాళీగా కూర్చున్న ఎం.ఏ. ఊరికి ఎంత ప్రమాదమో అప్పటికి మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

నా ప్రత్యేక విషయం అంతర్జాతీయ సంబంధాలు. మీరు అది చదివి ఉండకపోతే అదృష్టవంతులు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దేశాల మీద పోలీసు లేడు కదా, ఎవడి దొడ్డి వాడే కాచుకోవాలి, పొరుగువాడు ఇవాళ నవ్వితే రేపు కూడా నవ్వుతాడని నమ్మకం లేదు, బలానికి ఎదురుగా బలం ఉంటేనే నెమ్మది ఉంటుంది అనేది వాస్తవికవాదం. అలా కాదు, మనుషులు బుద్ధి ఉన్నవాళ్లు, కాగితం మీద ఒప్పందాలు రాసుకుని, ఇచ్చిపుచ్చుకుంటూ, కూర్చుని మాట్లాడుకుంటే తగువు వల్ల ఎవరికీ లాభం లేదని వాళ్లే గ్రహిస్తారు అనేది ఉదారవాదం. పరీక్షలో ఈ రెండింటినీ పోల్చి రాయమంటే నేను పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీసి, ఎడమ గడిలో వాస్తవికవాదం, కుడి గడిలో ఉదారవాదం రాసి, మాస్టారి చేత శభాష్ అనిపించుకున్నాను. నా మనసు మాత్రం కుడి గడిలోనే ఉండేది. ఇరవై మూడేళ్ల వయసులో ఎవరికైనా అక్కడే ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. మా చేలకీ, తవిటినాయుడు మామ చేలకీ ఒకటే గెడ్డ ఆధారం. ఆయనతో మాకు చుట్టరికం లేదు, మామ అనేది పిలుపు మాత్రమే. కొండ మీంచి దిగిన నీళ్లు ఒక మట్టికట్ట దగ్గర ఆగి, రెండు మదుముల్లోంచి, అంటే తూముల్లోంచి, రెండు కాలవల్లోకి వెళ్లేవి. మూడు రోజులు మా మదుము పలక లేపడం, మూడు రోజులు వాళ్లది లేపడం, అదీ వంతు. కట్ట మీద ఇద్దరు ముసలి కాపలాదారులు ఉండేవాళ్లు. మా తరఫున అప్పన్న, మామ తరఫున బైరాగి అనే ఒడియా ఆయన. ఇద్దరి చేతుల్లోనూ తలెత్తు కర్రలు. ఎవరి వంతైనా సరే, పలక లేపాలంటే ఇద్దరూ చెయ్యి వెయ్యాలి.

ఇంకో వింత ఆచారం కూడా ఉండేది. మధ్యాహ్నం అప్పన్న తాగే చోడి అంబలి, అదే రాగి అంబలి, మా ఇంటి నుంచి కాదు, మామ ఇంటి నుంచి వచ్చేది. బైరాగి అంబలి మా ఇంటి నుంచి వెళ్లేది. మా అమ్మ ఒక ముంతతో ఇటు నుంచీ, మామ భార్య ఒక ముంతతో అటు నుంచీ బయల్దేరి కట్ట మీద కలుసుకుని, ముంతలు దింపి, రెండిళ్ల కబుర్లూ చెప్పుకుని వెనక్కి వచ్చేవాళ్లు. ఎవరి మనిషికి వాళ్లు పెట్టుకోక ఈ తిరకాసు ఏమిటని నాకు చిన్నప్పటి నుంచీ విసుగ్గా ఉండేది.

"అయ్యా, మనం మామని అనుమానిస్తున్నాం," అన్నాను ఒకరోజు మా నాన్నతో.

"అవును," అన్నాడు మా అయ్య, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే.

"ఆయన మనల్ని అనుమానిస్తున్నాడు."

"మరి? ఆడేటి ఎర్రోడనుకున్నావేటి?"

"ఈ అనుమానమే సమస్త యుద్ధాలకీ మూలం. పరస్పర విశ్వాసం ప్రాతిపదికగా ఒక ఒడంబడిక..."

"ఒరే, అలగ మాటాడకు. తిన్న కూడు అరగదు. నీకేటి గావాల, అది సెప్పు."

"కట్ట మీద కాపలా తీసెయ్యాలి. కర్రలు పట్టుకుని కూర్చుంటే అది శాంతి కాదయ్యా. యుద్ధం రాకపోవడం మాత్రమే."

"యుద్దం రాకపోతే సాలదేట్రా?"

 నేను దయగా నవ్వాను. చదువుకున్నవాళ్లకి ఆ సదుపాయం ఒకటి ఉంది.

"ఆడు దొంగోడని కాదురా కాపలా ఎట్టింది," అన్నాడు మా అయ్య. "ఆడికి దొంగబుద్ది పుట్టకుండా. నాకూ పుట్టకుండా."

"అంటే నీ మీద నీకే నమ్మకం లేదా?"

"కార్తీకంలో ఎండ కాసినప్పుడు నేదు."

వారం రోజులు నేను వదల్లేదు. వదిలి ఉంటే బాగుండేది. మా అయ్యకి ఒకటే బలహీనత, నా చదువు. సంతలో ఎవరు పలకరించినా మొదట ధర కాదు, నా ఎం.ఏ. సంగతి చెప్పేవాడు. ఆ మనిషి నాతో వాదించి ఓడిపోలేదు. నన్ను చూసుకుని మురిసిపోయి ఓడిపోయాడు. "సర్లే, సదువుకున్నోడివి," అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

గుణుపురం వెళ్లి దస్తావేజులు రాసే గుమాస్తా దగ్గర కూర్చున్నాను.

"ఏటి రాయాలి బాబూ? అమ్మకమా, పంపకమా?"

"శాంతి," అన్నాను.

ఆయన కలం సిరాలో ముంచి, "ఎన్నెకరాలు?" అన్నాడు.

ఆయనతో లాభం లేదని నేనే రాసుకున్నాను. పీఠిక ఒక పేజీ, పధ్నాలుగు షరతులు, చివర ఉభయ పక్షాల శాశ్వత మైత్రి. కాపలాలు ఉండవు, ఎవరి వంతు వాళ్లు నిజాయితీగా పాటిస్తారు, తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుంటారు. కట్ట మీద చదివి వినిపిస్తానంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సదవక్కర్నేదు అల్లుడా. నువ్వు రాసేవు కదా. ఏలు ఎక్కడ ఎట్టాలో సూపించు."

వేలిముద్ర వేసి, ఆ వేలు తలపాగాకి తుడుచుకున్నాడు. అప్పన్న, బైరాగి కర్రలు పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్నారు.

"మరి మా అంబలి బాబూ?" అన్నాడు అప్పన్న.

"ఇంక ఎవరింట్లో వాళ్లు తాగడమే తాతా. ఒప్పందంలో అంబలి లేదు."

బైరాగి మా ఇంటి ముంత కడిగి, బోర్లించి నా చేతికిచ్చాడు. 

ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా శాంతి అద్భుతంగా వర్ధిల్లింది. నేను గర్వంతో కట్ట మీద పచార్లు చేశాను. ఆ నాలుగు నెలలూ వానలు కురుస్తూనే ఉన్నాయనీ, వాన కురుస్తున్నప్పుడు ఎవడైనా ఉదారవాదేననీ నాకు తట్టలేదు. మా అమ్మకి కట్ట మీదకి వెళ్లే పని పోయింది. మామ ఇంటి కబురు మాకు, మా కబురు వాళ్లకి తెలియడం మానేసింది. అదీ తట్టలేదు.

తర్వాత వానలు నిలిచిపోయాయి. వరి పాలు పోసుకునే సమయం. ఇంకో రెండు వంతుల నీళ్లు పడితే పంట చేతికొస్తుంది, పడకపోతే గడ్డి. సరిగ్గా అప్పుడే మా మేనత్తకి జబ్బు చేసిందని కబురొస్తే మా అయ్య నౌపడా రైలెక్కి వెళ్లాడు. వెళుతూ, "నీళ్లు సూసుకో," అని ఒక్క మాట చెప్పాడు. సరిగ్గా అప్పుడే హిమాలయాల మీద యుద్ధం మొదలైంది.

గుణుపురంలో బట్టల కొట్టు రేడియో ముందు నిలబడి వార్తలు విన్నాను. నిన్నటిదాకా భుజం మీద చెయ్యి వేసిన పొరుగుదేశం సరిహద్దు దాటి వచ్చేసిందట. కొట్టు ముందు జనం ఆవేశంతో ఊగిపోతున్నారు. నాకు ఆవేశంతో పాటు సిగ్గు కూడా వేసింది, ఇన్నాళ్లూ కుడి గడి పక్షం వహించినందుకు. గుణుపురం నుంచి ఇంటికి నడిచిన ఆరు మైళ్లలో నేను పూర్తి వాస్తవికవాదిని అయిపోయాను.

మర్నాడు మా వంతు. కాలవలో నీళ్లు చూస్తే చీలమండ దాకా కూడా లేవు. తలెత్తి చూస్తే మామ మొదటి మడి తళతళా మెరుస్తోంది, తడిసి. ఆయన వంతు కాదే! దొంగతనమే అనుకున్నాను. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త సంతోషం కూడా వేసింది. నా కొత్త సిద్ధాంతానికి ఇంత త్వరగా రుజువు దొరుకుతుందని అనుకోలేదు.

వెళ్లి అడగవచ్చు కదా అంటారేమో. అడగడం కుడి గడిలో పని అండీ. నేను ఎడమ గడిలోకి మారిపోయాను కదా. మామ వంతు మొదలైన ఉదయం, మా పాలేర్లు ఇద్దర్నీ తీసుకెళ్లి, ఆయన మదుముకి బండరాళ్లు అడ్డం పెట్టించి మట్టి కొట్టించాను. శత్రువు కంటే ముందు మనం కదలాలి మరి.

మామ వచ్చాడు.

"ఏట్రా అల్లుడా ఇది? ఇయాల మా వంతు కదా?"

"మా వంతులో మీరు తీసుకున్నారు కదా మామా. చెల్లుకు చెల్లు."

"నాను తీసుకున్నానా? ఎప్పుడు?"

"మీ మడే సాక్ష్యం. ఏడో షరతు ఉల్లంఘించారు."

"ఏడో సరతో ఎనిమిదో సరతో నాకు తెల్దు. నువ్వు రాసేవని ఏలు ఎట్టినాను. సదవమన్నానేటి?" ఆయన మదుములోని రాళ్ల కేసి చూశాడు. "నీళ్లు గావాలంటే అడిగితే ఇచ్చీసోన్ని. నన్ను దొంగోన్ని సేసేవేట్రా? సర్లే, రాళ్లు తీయించు. పైరు పాలు మీదుంది."

అప్పుడు నేనొక మాట అన్నాను. పుస్తకంలోంచి వచ్చిన మాటే. "బలం ఉంటే తీసుకోండి," అన్నాను. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఇదే గెడ్డ దాటించిన మనిషితో.

మామ వెళ్లి, అన్న కొడుకులు నలుగురినీ పారలతో వెంటబెట్టుకొచ్చాడు. నా రాళ్ల జోలికి రాలేదు. తిన్నగా కట్ట నడుం మీద నిలబడి తవ్వించేశాడు. నిలిచిన నీళ్లన్నీ భళ్లున తెగి, రెండు కాలవలనీ వదిలేసి, పాత గెడ్డలో పడి వంశధార వైపు పోయాయి.

"నాకూ నేదు, నీకూ నేదు. సాలా?" అన్నాడు.

బలాబలాలు సరిసమానమయ్యాయి. పుస్తకంలో దీన్ని సమతూకం అంటారు.

చప్పుడు విని అప్పన్న, బైరాగి చెరో వైపు నుంచీ పరుగెత్తుకొచ్చారు. బైరాగి తెగిన కట్ట చూసి తల పట్టుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మా కాలవ మొదట్లోకి దిగి, గట్టు అడుగున భుజం దాకా చెయ్యి పెట్టాడు.

"కంకడా గాత, బాబు," అన్నాడు.

"పీత బొక్క," అన్నాడు అప్పన్న, నా మొహం చూసి. "యేటా కార్తీకంలో పడతాది. మన నీళ్లు దీంట్లోంచి కారి నాయుడు మడిలోకి పోతాయి. నానూ ఈడూ రెండు గంపల బంకమట్టి ఏసి పూడ్చీసీవోళ్లం."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"సెప్పడానికేటుంది బాబూ? కట్ట మీద ఊరకే కూకుని ఏటి సేస్తాం?"

మామ విన్నాడు. నేనూ విన్నాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన పార భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

కట్ట మళ్లీ పోయడానికి పన్నెండు రోజులు పట్టింది. మావాళ్లు ఈ చివర నుంచీ, వాళ్లు ఆ చివర నుంచీ, మధ్యలో కలిసేదాకా ఒక్క మాట లేకుండా మట్టి మోశారు. నీళ్లు మళ్లీ చేలోకి వచ్చేసరికి రెండు పక్కలా వెన్నులు తెల్లబడ్డాయి. ఆ ఏడు రెండిళ్ల కళ్లాల్లోనూ తాలు తప్ప గింజ లేదు.

మా అయ్య తిరిగొచ్చి చేలో నిలబడి, ఒక వెన్ను తెంపి, అరచేతిలో నలిపి, ఉఫ్ మని ఊదాడు. చేతిలో ఏమీ మిగల్లేదు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"పరీచ్చలో ఏదో గీత గీసేనన్నావు కదరా," అన్నాడు. "కర్ర ఏ పక్క రాసేవు?"

"ఎడమ పక్క."

"కాయితం?"

"కుడి పక్క."

"అంబలి?"

"అంబలి... పుస్తకాల్లో లేదయ్యా."

మా అయ్య చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"మరి నీకు ఫస్టు కేలాసు ఎలగిచ్చేర్రా?"

వేళాకోళమేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

మరుసటి ఏడు కట్ట మీద కాపలాలు మళ్లీ వచ్చాయి, కర్రలతో సహా. అంబలి మాత్రం ఎవరింటిది వాళ్లకే. ఇద్దరు ముసలివాళ్లూ చెరో మదుము దగ్గర, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవాళ్లు. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మా అయ్య పోయిన రోజున మామ కట్ట దాకా వచ్చి, అక్కడే నిలబడి, అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోయాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, పీత బొక్క సాక్షిగా నేను చేసిన ప్రమాణం వినండి. ఇకమీదట ఏ రెండు దేశాల మధ్యా, ఏ రెండు ఇళ్ల మధ్యా, ఏ రెండు కోళ్ల మధ్యా శాంతి స్థాపించను. పేజీ మధ్యలో స్కేలు పెట్టను. పొరుగింటి నుంచి ఎవరైనా ముంతతో అంబలి తెచ్చి ఇస్తే షరతులు అడక్కుండా ఎత్తి తాగుతాను, ముంత కడిగి నేనే తిరిగి ఇచ్చి వస్తాను. ముప్పయ్యేళ్లయింది ఈ ప్రమాణం చేసి. మామ ఇంటి నుంచి ముంత ఇంకా రాలేదు.