పెదనాన్న పుండుకు మారు వడ్డన

ఆ రోజుల్లో అమలాపురం చుట్టుపక్కల సైన్సు చదివిన ఆడపిల్లకి ఉన్నవి రెండే దారులు. స్కూల్లో పాఠాలు చెప్పడం, లేదా స్కూల్లో పాఠాలు చెబుతూ పెళ్ళిచూపులకి కూర్చోవడం. అలాంటిది నేను చదివిన కాలేజీలోనే కొత్తగా పెట్టిన పరిశోధనా కేంద్రంలో నాకు ఉద్యోగం దొరికేసరికి, పెద్ద శాస్త్రవేత్తనైపోయానని మురిసిపోయాను. (కేంద్రం అంటే మరేం లేదు, పాత సైకిల్ స్టాండుకి తలుపులు బిగించి ఏసీ పెట్టిన గది.) నా పని మనిషి చర్మకణాలని పెంచడం. చిన్న చిన్న మూత పళ్ళేల్లో గులాబీ రంగు ద్రవం పోసి, ఒంటి వేడికి సరిపడా వెచ్చగా ఉంచితే, అవి అడుగున చాపలా పరుచుకుంటాయి. ఆ చాప మీద సన్నగా ఒక గీత గీస్తే అదే గాయం. దాని మీద గాయాలు మాన్పుతుందని చెప్పే కోల్డ్ ప్లాస్మా పెన్ను పట్టాలి. కొసనుంచి ఊదారంగు వెలుగు వస్తుంది, కాలదు, చల్లగాలిలా తగులుతుంది, పిడుగు పడ్డాక వచ్చే వాసన వేస్తుంది. కాసేపు పడితే కణాలు హుషారుగా కదిలి గీతని పూడ్చేస్తాయి. ఎక్కువసేపు పడితే ముడుచుకుని చచ్చిపోతాయి. ఎంతసేపు చాలో కనిపెట్టడమే మా పరిశోధన. చాలు అనే మాటకి విలువే లేని కోనసీమలో అలాంటి పరిశోధన పెట్టుకున్నవాళ్ళని ఏమనాలి?

కాలేజీ నడిపే మా కరస్పాండెంటుగారు మహా మర్యాదస్తులు. ఆయనింట్లో భోజనానికి కూర్చున్నవాణ్ణి లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఎవరైనా చాలండీ అంటే ఆయనకి మరింత ఉత్సాహం వచ్చేది. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోతే తప్ప ఆగేవారు కాదు, అదీ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశాక. చాటున మేం ఆయన్ని కొసరుగారు అనేవాళ్ళం. మా డైరెక్టరుగారేమో ఆయన ఏమన్నా 'ఆయ్' అనేవారు, అంటే మా వైపు మర్యాదలో 'చిత్తం' అని. అందుకని ఆయన ఆయ్‌గారు.

ఒక శనివారం సాయంత్రం కొసరుగారు మా గదికి వచ్చారు. బల్ల మీద పళ్ళేలు రెండు వరసలుగా ఉన్నాయి.

"ఈ వరసకి పెన్ను పట్టేరు, ఆ వరసకి పట్టలేదేంటమ్మా?"

"అవి పోల్చుకోడానికండీ. వాటికి ఏమీ పెట్టకూడదండి."

"పంక్తిలో వలపక్షమా? ఒకళ్ళకి పెట్టి పక్కవాళ్ళకి మానేస్తామా? మన వైపు ఎక్కడన్నా ఉందాండీ ఇది?"

"ఆయ్, లేదండి," అన్నారు ఆయ్‌గారు.

కొసరుగారు పెన్ను అందుకుని రెండో వరసకి తృప్తిగా వడ్డించారు. "పాపం, నోరు తెరిచి అడగలేవు కదండీ," అంటూ తిరిగి మొదటి వరసకి మారు, మళ్ళీ రెండో వరసకి మారు. నేను ఏం చేశాను? పక్కన నిలబడి, మూతలు తీసి ఒక్కో పళ్ళెం అందించాను. (పీహెచ్‌డీ చెయ్యాలని కలలు కంటున్న శాస్త్రవేత్తని మరి.)

మర్నాడు పొద్దున్న మైక్రోస్కోపులో చూస్తే ఒక్క కణం మిగల్లేదు. నెలల తరబడి పెంచినవన్నీ ముడుచుకుని నీళ్ళలో తేలుతున్నాయి. ఏడుపు గొంతుతో ఆయ్‌గారికి ఫోన్ చేసి, "మొత్తం పోయేయండి," అన్నాను. "ఆయ్. మధ్యాహ్నం సుగర్ పుళ్ళకి ఉచిత క్యాంపు పెట్టేరమ్మా, పెన్ను పట్టుకుని వచ్చెయ్యి," అన్నారు.

వెళ్ళేసరికి కాలేజీ హాలు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ, లోపల వరసగా కుర్చీల్లో రోగులు. వస్తానన్న డాక్టరు రాలేదు. అందరికంటే ముందు, గౌరవం కొద్దీ, మా పెదనాన్న. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. సుగరుండి కూడా ఆత్రేయపురం పూతరేకుల్ని వదలని మనిషి. కాలి బొటనవేలి పుండు ఎన్నాళ్ళకీ మానక, ఇంకాస్త ముదిరితే వేలు తీసెయ్యాలని ఆస్పత్రిలో చెప్పి ఉన్నారు. చర్చి నుంచి తిన్నగా వచ్చి, తెల్లపంచె పైకి లాక్కుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు.

"తొలి వడ్డన తమకేనండి మేష్టారూ," అని కొసరుగారు నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు.

"ఎక్కువ పెడితే కణాలు చచ్చిపోతాయండి. నిన్నటివన్నీ పోయేయండి," అన్నాను.

"అయ్యో! అవి పసివి కదమ్మా. మీ పెదనాన్నగారు మన మనిషి, తట్టుకుంటారు."

"చల్లగా హాయిగా ఉందండీ, కానివ్వండి," అన్నారు పెదనాన్న.

ఊదారంగు వెలుగు పుండు మీద అలా నిలబడిపోయింది. చాలండి అన్నాను. ఇంకాస్త దగ్గరికి పెట్టారు. చాలండీ అని అరిచాను. "మొహమాటపడకమ్మా," అన్నారు. ఇంక నాకు సైన్సు గుర్తు రాలేదు, ఆయనింటి భోజనాలు గుర్తొచ్చాయి. అమాంతం వంగి, రెండు చేతులూ పెదనాన్న కాలి మీద అడ్డం పెట్టేశాను. చేతుల మీద చీమలు పాకినట్టు చిమచిమలాడింది.

కొసరుగారు చటుక్కున పెన్ను వెనక్కి తీసుకున్నారు. "నిజంగానే చాలా?"

"నిజంగానే చాలండి."

"మరి ఆ మాట ముందే చెప్పాలి కదమ్మా," అన్నారు నొచ్చుకుంటూ. పక్క కుర్చీ వైపు తిరిగారో లేదో, వరసలో ఉన్నవాళ్ళందరూ ఎవరి కాలి మీద వాళ్ళు చేతులు పెట్టేసుకున్నారు. దాంతో క్యాంపు ముగిసింది, భోజనాలు మొదలయ్యాయి.

పెదనాన్న వేలు నిలిచింది. రోజూ కట్టు మార్చిన నర్సమ్మ పుణ్యం, పూతరేకులు మానిపించిన పెద్దమ్మ పుణ్యం. ఆయన మాత్రం ఇప్పటికీ అదంతా ప్లాస్మా మహిమేనంటారు. మా పరిశోధన నివేదికలో ఆయ్‌గారు 'రెండు వరసలకీ సమాన ఫలితం' అని రాసి పంపారు. అందులో అబద్ధం లేదు, కాదనలేం.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో, అదే ప్లాస్మా పెన్ను మీద పనిచేసే పెద్ద ల్యాబులో మేడంగారిని. ఏమీ పెట్టని వరసని పక్కకి జరిపినప్పుడల్లా మనసు కాస్త చివుక్కుమంటుంది, వడ్డన మరిచిన పాపం తగులుతుందేమోనని. అంతవరకు బాగానే ఉంది. మొన్న ఒక మీటింగులో పైవాళ్ళు, ఆ పెన్నుని వచ్చే నెలనుంచే ఆస్పత్రుల్లో వాడించేద్దాం, ఇంకా పరీక్షలెందుకు అన్నారు. నా నోట్లోంచి ఎంతో మర్యాదగా 'ఆయ్' అని వచ్చింది. వచ్చాక నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. పెదనాన్న కాలి మీదికి వంగిన ఆ పిల్ల ఎటు పోయిందా అని బల్ల కింద నా చేతుల వంక చూసుకున్నాను. రెండూ బుద్ధిగా ఒళ్ళో కూర్చుని ఉన్నాయి.