యాదగిరన్న వేసిన సీలు

ఈ రోజు పంజాగుట్టలో ఒక పాత ఆఫీసు బిల్డింగులో ఫైర్ అలారం కేబుళ్లు తనిఖీ చేశాను. రాగి గొట్టంలో తెల్లటి పొడి కూరిన పాతకాలపు కేబుళ్లవి. చివర సీలు గట్టిగా లేకపోతే ఆ పొడి తేమ పీల్చేస్తుంది. మూడో అంతస్తులో ఒక్కటి అలాగే పాడైంది. ఎవరు చేశారని నేను అడగకముందే, త్వరలో రిటైరవబోతున్న అక్కడి ఎలక్ట్రీషియన్ యాదగిరన్న తల దించుకున్నాడు.

"గా సీలు నేనేసిందే సార్. బిడ్డ పుట్టిందని ఫోనొస్తే ఆగమాగం మూసి దవాఖానకు ఉరికిన."

"ఇప్పుడేం చేస్తోంది మీ బిడ్డ?"

"అమీర్‌పేటల కోచింగ్ సెంటర్ల పాఠాలు చెప్తది సార్," అన్నాడు తలెత్తి.

కేబుల్ చివర కోసి, తేమ పోయేలా వేడి చేసి, కొత్త సీలు తనే వేశాడు. ఈసారి మీటరు రీడింగు సరిగ్గా వచ్చింది. రిపోర్టులో కారణం దగ్గర 'తేమ' అని మాత్రమే రాశాను. మీరైతే ఏం రాసేవారు?