వెనక కుర్చీలో సరోజమ్మ టీచరు

కృష్ణగిరిలో ఒక బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా సుదీర్ఘకాలం సేవచేసి, పదవీ విరమణ చేసి, విశ్రాంతి మాత్రం ఎన్నడూ తీసుకోని మా మేనత్త సరోజమ్మ టీచరు గత మాసం హోసూరులో స్వగృహంలో పరమపదించారు. ఈ దుర్వార్త మా కుటుంబపు వాట్సాప్ గుంపులో, ఎవరో పంపిన శుభోదయం గులాబీ కింద వచ్చి పడింది. గులాబీకి పెట్టిన దండాలూ, మరణవార్తకు పెట్టిన దండాలూ కలిసిపోయి ఏవి దేనివో తెలియలేదు. నేను ఫ్యాక్టరీలో షిఫ్టు మీద ఉండి చదివాను. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆమె నా మీద ఈల ఊది, "భుజం వంచొద్దప్పా, బస్సుకు వేలాడేవాడి మాదిరి ఉండావు" అని తిట్టింది. అంత గట్టిగా ఈల ఊదిన మనిషి తెల్లారేసరికి లేకపోవడం నియమవిరుద్ధం. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. సర్వీసంతా లీవు లెటరు లేనిదే ఎవరికీ సెలవివ్వని మనిషి, తను మాత్రం ఒక మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఇకమీదట 'అన్నారు', 'చేశారు' అని రాయను. అలా రాస్తే, ఇదెవరి గురించో అని ఆమే వెనక్కి తిరిగి చూసేది.

ఆమె పోయిన సమయం మరీ అన్యాయం. ఇంకొన్ని వారాల్లో ఆమె ఆఫ్రికాలో జాంబేజీ నది మీద, కెనూ అనే సన్నటి పొడుగాటి పడవను స్వహస్తాలతో తోసుకుంటూ, రాత్రిళ్ళు ఒడ్డున గుడారంలో పడుకుంటూ, ఒక గైడు వెంట ప్రయాణం చేయాల్సింది. ఒక్కో పడవలో ఇద్దరు. రెండోవాడిని నేను. అందుకు నా అర్హతలు: ఈత వచ్చు, పెళ్ళి కాలేదు, వద్దనే ధైర్యం లేదు.

ఈ కోరికకు మూలం ఆమె పూర్వ విద్యార్థినులందరికీ తెలిసే ఉంటుంది. ఆ పాఠశాలలో భూగోళం టీచరు పోస్టు ఎప్పుడూ ఖాళీ. ఖాళీ పోస్టుల పాఠాలన్నీ వ్యాయామ టీచరు నెత్తిన పడేవి. ఆఫ్రికా పటం గోడకు తగిలించి, ఈల తాడుతోనే నదుల దారి చూపించేది. జాంబేజీ దగ్గరకొచ్చేసరికి ఏటా ఎవరో ఒక పిల్ల లేచి అడిగేదట:

"మీరు చూసినారా టీచర్?"

"లేదమ్మా. పోయొచ్చి చెప్తా."

ఇది పిల్లల నోరు మూయించే మాట అని తోటి టీచర్లు అనుకున్నారు. పిల్లలూ అలాగే అనుకుని ఉంటారు. ఆమె ఒక్కతే దాన్ని మాట ఇవ్వడం అనుకుంది.

ఇంట్లో సంగతి బయటపెట్టిన రోజు మా నాయన నారాయణ, అంటే ఆమె తమ్ముడు, అన్నం ముందు నుంచి లేచాడు. ఆయనకు నీళ్ళంటే భయం. బక్కెట్టు నిండినా కొళాయి దగ్గరికి అమ్మను పంపుతాడు.

"ఏమక్కా, కాశీకి పోతానంటే నేనే టికెట్టు తీస్తాను. ఆ మొసళ్ళ నదికి ఎందుకు?"

"కాశీలో పడవవాడు తోస్తాడురా నారాయణా. ఆడ నేనే తోయాల."

"మునిగితే?"

"మునిగితే తేలేది నేర్చుకుండాను. నువ్వు కూర్చో, చారు చల్లారిపోతాది."

ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ విషయం మీద అక్కతో మాట్లాడలేదు. కానీ మేము ఇంట్లో సాధన చేసినంతసేపూ పేపరు అడ్డం పెట్టుకుని అక్కడే ఉండేవాడు. పేపరు మాత్రం తిప్పేవాడు కాదు.

సాధన అన్నాను గదా, దాని వైభవం కొంత చెప్పాలి. మన వైపు నదిలో దిగే వాహనం ఏదంటే పుట్టి, తమిళంలో పరిసల్ అంటారే, అదే. కృష్ణగిరి డ్యాము దగ్గర చేపలు పట్టే మునియప్పను పట్టుకుని, ఆదివారం పొద్దుటిపూటల్లో ఆయన పుట్టిలో శిక్షణ మొదలుపెట్టింది అత్త. గైడు పంపిన సూచనల ప్రకారం ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చోవాలి.

"ముందు కూర్చోప్పా" అంది నాతో.

నేను వెళ్ళి కూర్చున్నాను. పుట్టి తిరిగింది. నేను వెనక అయ్యాను.

మునియప్ప చాలా మర్యాదగా, "టీచరమ్మా, ఇది బాణలి మాదిరి గుండ్రంగా ఉండాది. దీనికి ముందూ లేదు, వెనకా లేదు" అన్నాడు.

"మనకుండాయి గదా మునియప్పా" అంది అత్త.

మూడు మాసాల కఠోర పరిశ్రమ తరువాత, మునియప్ప నేర్పినట్టే, తెడ్డును ఎదురుగా నీళ్ళలో ముంచి మావైపు లాక్కుంటూ పుట్టిని తిన్నగా నడపడం మాకు వచ్చేసింది. దిగ్విజయ గర్వంతో అత్త జాంబేజీ గైడుకు వీడియో కాల్ చేసి, నడిపి చూపించింది. తెర మీద అతని ముఖం కదలలేదు. నెట్టు పోయిందనుకున్నాం. తరువాత మెల్లగా, మేడమ్, ఆ పడవ చాలా అందంగా ఉంది, కానీ కెనూలో అలా లాగితే మీరు నదికి అడ్డం తిరిగి నేరుగా నీటిగుర్రాల మంద మధ్యకు వెళ్తారు అన్నాడు. కెనూలో తెడ్డు పక్కన వేయాలట. దిశ చూసుకునేది వెనక మనిషట. మేము నేర్చినదంతా తలకిందులు.

నేనైతే అంతటితో ముగిసిందని లోలోపల సంతోషించాను. అత్త ఫోను పెట్టేసి, ఈల ఊది, "మొదట్నుంచి" అంది. ఆమె శిష్యురాళ్ళకు ఆ మాట కొత్త కాదు. రిలే పరుగులో కర్ర జారిపోయినా, జిల్లా పోటీల్లో ఓడిపోయినా, భర్త పోయి బడికి తిరిగొచ్చిన మొదటిరోజు పొద్దున ప్రార్థనలో పిల్లలు వరుస తప్పినా ఆమె అన్నది ఆ ఒక్క మాటే. అందులో ఓదార్పు లేదు, తిట్టు లేదు. అందుకే పనిచేసేది.

హోసూరులో కెనూ దొరకదు. కాబట్టి మిగతా శిక్షణ ఇంటి హాల్లో జరిగింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి. మా చేతుల్లో ఇల్లు తుడిచే కట్టెలు. ముందు కుర్చీ నాది. వెనక కుర్చీ ఆమెది. "కుడి! కుడి! ఎడమ! ఎదురుగా నీటిగుర్రం, ఒడ్డుకు తిప్పు!" అని ఆమె అరుస్తుంటే, పాలు పోసే ఆయన ఒకరోజు గుమ్మంలోనే నిలబడిపోయి, "టీచరమ్మకు ఒళ్ళు బాగుండాది గదా?" అని నాయనను అడిగాడు.

"నదిలో ఉండాది. తర్వాత రాప్పా" అన్నాడు నాయన పేపరు వెనక నుంచి.

ఆమెకు భయం తెలియదనుకోకండి. బాగా తెలుసు, దానికి కూడా పని చెప్పేది. గుడారంలో కమలాపండ్లు పెట్టుకోవద్దు, వాసనకు ఏనుగులు వస్తాయని గైడు రాస్తే, "మన డెంకణికోట పక్క పనసపండు ఇంట్లో పెట్టుకుంటే ఏనుగులు తలుపు కొట్టి అడగవా, అట్లే" అని, ఆ రోజు నుంచే ఇంట్లో పండ్లు పెట్టుకోవడం మానేసింది, అలవాటు కావాలని. మట్టిరంగు బట్టలే తేవాలంటే కృష్ణగిరిలో దుకాణానికి పోయి ఖాకీ ప్యాంటు అడిగింది. "అబ్బాయికా అమ్మా?" అన్నాడతను. "అబ్బాయి వద్దంటాడు, నాకే" అంది. రాగిపిండి తేవచ్చా అని గైడుకు రాస్తే, మా అవ్వ కూడా ఆ గింజతోనే సంగటి కెలికేది, తప్పకుండా తెండి అని జవాబిచ్చాడు. ఆ జవాబును ఆమె మా నాయనకు వినబడేలా రెండుసార్లు పైకి చదివింది. పెట్టె పనికిరాదు, మెత్తటి సంచే తేవాలంటే, ఆ సంచి నిండా సామాను కూరి, నా భుజాన వేసి రాయకోట కొండ ఎక్కించింది.

"కొండ మీద నది లేదత్తా" అన్నాను సగంలో కూలబడి.

"కాళ్ళుండాయి గదప్పా. లే."

నాకూ భయమే. జోకులు వేసేవాళ్ళకు ఉండే రకం భయం, బయటికి కనబడదు. ఆమెకు కనబడింది. హాల్లో ఒకరోజు నీటిగుర్రం మాట వచ్చినప్పుడు నా కట్టె ఆగింది. వెనక నుంచి ఈల రాలేదు. చాలా మామూలుగా, "నువ్వు ముందు చూడప్పా. వెనక నేనుండాను" అంది. దానిమీద జోకు వేయడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

ఆ తరువాత కొద్దిరోజులకే ఆ గులాబీ కింది వార్త.

కర్మలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళ కోసం ఇంట్లో కుర్చీలన్నీ వాకిట్లో వేశాము; మా పడవ కూడా అందులోనే పోయింది. దానిమీద ఎవరెవరో కూర్చుని కాఫీ తాగారు. చివరి చుట్టాలు కూడా వెళ్ళిపోయాక, నేను పంపిన కబురుకు గైడు నుంచి సంతాప సందేశం వచ్చింది. చివర ఒక ప్రశ్న ఉంది: పడవకు ఇద్దరు కావాలి, మీ రెండు చోట్లూ రద్దు చేయమంటారా? పైకి చదివాను. రద్దు చేయమని రాయబోయాను.

నాయన లేచాడు. వాకిట్లోకి పోయి రెండు కుర్చీలు తెచ్చి, హాల్లో ఒకదాని వెనక ఒకటి వేశాడు. మూల నుంచి కట్టె తీసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు, బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినవాడిలా బిగుసుకుని.

"ఏ పక్క తోయాలప్పా?"

"నీకు ఈత రాదు గదా నాయనా."

"నీళ్ళలో తేలే జాకెట్టు ఇస్తారంట. అక్క చెప్పింటే విన్నా." కట్టెను ఒడిలో అడ్డం పెట్టుకుని, "పోయొచ్చి చెప్తానని అంతమంది పిల్లలకు చెప్పుండాది. ఎవురో ఒకరు పోవాల గదా" అన్నాడు.

నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. అన్నాళ్ళలో అదే మొదటిసారి. అప్పుడు తెలిసింది, ముందు కూర్చున్నవాడికి నది కనబడుతుంది. వెనక కూర్చున్నవాడికి ముందు కూర్చున్నవాడి వీపు కనబడుతుంది. జీవితమంతా ఆ నదిని చూడాలనుకున్న మనిషి, చూసే చోటు నాకిచ్చి, తిప్పే చోటు తను తీసుకుంది. ఒక్కమాట చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఏదో ఒక జోకు వేసి ఉండేవాణ్ణి. అది కూడా ఆమెకు తెలుసు.

సరోజమ్మ టీచరు దివ్యస్మృతికి నమస్కరిస్తూ, కృష్ణగిరిలో ఆమె దగ్గర భూగోళం చదివిన ఆడపిల్లలందరికీ, ఇప్పుడు మీకే ఆడపిల్లలు ఉండొచ్చు, ఒక మనవి. జాంబేజీ ఎలా ఉంటుందో మేము పోయొచ్చి చెప్తాము. మా నాయన వీపు అడ్డం పోగా కనబడినంతవరకూ చెప్తాము. నాయన భయపడ్డప్పుడు వెనక నేనున్నానని నేనే అనాలి. నా వెనక ఎవరూ లేరు.